మిక్సీ వెయ్యగానే పడిపోయిన బ్రేకర్

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, ఎలాంటి సమస్యనైనా తెల్లకాగితం మీద అంకెలు వేసి తేల్చేయవచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ కిరాయి గదిలో ఖాళీగా కూర్చోలేక, బట్టలు ఏ వరసలో ఉతకాలో కూడా జాబితా రాసుకునేవాణ్ణి. సరిగ్గా అప్పుడు ఎల్.బి.నగర్‌లో ఉండే మా బాబాయి మూడు వేల వాట్ల సోలార్ ఇన్వర్టర్ కొని, దానికి ఏ సైజు కేబుళ్లు, ఏ సైజు బ్రేకర్లు కావాలో నన్నే తేల్చమన్నాడు. "బాగా చేశావంటే మా అపార్టుమెంటు మొత్తానికి పెట్టే సోలార్ పని కూడా నీకే ఇప్పిస్తాన్రా. అసోసియేషన్ ప్రెసిడెంటుగారితో చెప్పేశాను" అన్నాడు. నా మొదటి పని! రెండు రోజులు అన్నం సయించలేదు.

లెక్క సులువుగానే తేలింది. మూడు వేల వాట్లను రెండు వందల ముప్పై వోల్టులతో భాగిస్తే పదమూడు ఆంపియర్లు. కాబట్టి రెండున్నర స్క్వేర్ మిల్లీమీటర్ల కేబుల్, పదహారు ఆంపియర్ల బ్రేకర్. ఇంట్లోకి వెళ్లే వైపు అది సరిపోతుంది. (సరిపోయింది కదా అని బ్యాటరీ వైపుకూ అదే రాసేశాను. ఇన్వర్టర్ ఒకటే, వాట్లూ అవే కదా అని నా తర్కం.) బిగించడానికి వచ్చిన మిస్త్రీ ఆ తీగను వేళ్ల మధ్య నలిపి చూసి, "బ్యాటరీకి గీ వైరా సార్? గిది కాలింగ్ బెల్లుకు పెట్టేది గదా!" అన్నాడు. నేను కాగితం చూపించాను. "గట్లయితే బ్యాటరీ దిక్కు మీరే బిగించుకోండ్రి" అని పక్కకు జరిగాడు. నేనే బిగించాను.

ఆదివారం పొద్దున ప్రెసిడెంటుగారు కాఫీకి వచ్చారు. బయట మబ్బు పట్టింది, భారమంతా బ్యాటరీలదే. బాబాయి మెయిన్ స్విచ్ ఆపాడు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను కాలరు సర్దుకుంటుండగా వంటింట్లో పిన్ని పల్లీ చట్నీకి మిక్సీ వేసింది. టక్! అన్నీ ఆగిపోయాయి. బాల్కనీలో బ్యాటరీల పక్కనున్న బ్రేకర్ పైకెత్తాను. మిక్సీ. టక్! మూడోసారీ అంతే. "ఏం తమ్మీ, గిప్పుడు పల్లీలు నమిలి తినాల్నా ఏంది?" అన్నారు ప్రెసిడెంటుగారు. హాలుకూ బాల్కనీకీ మధ్య పరుగులు తీస్తూ, "బ్రేకర్ చిన్నదైంది, అంతే. అరవై మూడు ఆంపియర్లది వేసేస్తా" అన్నాను.

ఎలా నడుస్తుందో చూద్దామని వచ్చిన మిస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. "జర ఆగుండ్రి సార్! వైరు కాలకుండ ఆపుతున్నదే గా బ్రేకరు. పెద్దది పెడితే అది పడది, వైరు అంటుకుంటది. బ్యాటరీలు ఎన్ని వోల్టులయి?"

"ఇరవై నాలుగు" అంటూనే జేబులోంచి కాగితం తీశాను.

"మరి మీరు దేనితోని భాగించిండ్రు?"

మూడు వేలను ఇరవై నాలుగుతో భాగిస్తే నూట ఇరవై అయిదు ఆంపియర్లు. తీగ ముట్టుకుంటే అప్పటికే వెచ్చగా ఉంది. "నాలుగేళ్లు ఏం చదివావురా?" అన్నాడు బాబాయి, చాలా మర్యాదగా.

సాయంత్రానికల్లా మిస్త్రీ బొటనవేలంత లావు యాభై స్క్వేర్ కేబుల్, నూట అరవై ఆంపియర్ల డీసీ బ్రేకర్ బిగించాడు. మిక్సీ హాయిగా తిరిగింది. అపార్టుమెంటు పని అతనికే ఇచ్చారు. నేను చెప్పులేసుకుంటుంటే మెట్ల దగ్గర ఆపి, "కాయితాలు, నక్షలు నాతోని కావు. రేపటి నుంచి మాతో పనికి ఒస్తరా సార్?" అన్నాడు. ఎన్ని గంటలకో కూడా అడగకుండా ఒప్పుకున్నాను.

ఇప్పుడు ప్రతి లెక్కా మూడుసార్లు సరిచూస్తాను, అయినా నిద్రపట్టదు. అంత నిబ్బరంగా తప్పు చేయగలిగిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.