గొంతు ఆగిన చోట దేవక్క

నిన్న పొద్దున రఘు ఫోన్ చేశాడు. హలో అనకముందే "పాట ఇంకా ఫిక్స్ చేసుకోలేదు రఘూ, సాయంత్రం చెప్తాను" అన్నాను.

మా శనివారం ప్రోగ్రాం గురించే అనుకున్నాను. ముందురోజు రాత్రే దేవక్క గ్రూపులో మెసేజ్ పెట్టింది, ఈసారి మొదటి పాట నాదేనని.

"దేవక్క లేదు పద్మా" అన్నాడు రఘు.

ఎక్కడికి వెళ్ళింది అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

నిద్రలోనే పోయిందట. గుండె.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. దేవకి, మా అందరికీ దేవక్క, చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో పిల్లలకు కూచిపూడి నేర్పేది. నెలకో శనివారం సాయంత్రం అశోక్‌నగర్‌లో రఘు వాళ్ళ డాబా మీద మమ్మల్ని పోగేసేది. ఒక డాన్స్, ఎవరో ఒకరు కథో కవితో చదవడం, తర్వాత గిటారుతోనో ఉత్త గొంతుతోనో పాటలు.

కవిత మరీ సాగితే మొహమాటం లేకుండా అనేసేది. "జర జల్ది కానియ్యుండ్రి సార్, చాయ్ సల్లారిపోతున్నది." అయినా ఆ కవులే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. అదేం మహిమో!

మా ప్రోగ్రాంలో మైక్ ఉండదు. అదేదో స్టైల్ అనుకుంటారు చాలామంది. కాదు. మొదట్లో మైక్ ఉండేది. ఒకసారి నేను పాడుతున్నాను, దేవక్క ఆడుతోంది. పక్క హాస్టల్ కిటికీలోంచి ఒకమ్మాయి అరిచింది.

"మేడం, రేపు ఎగ్జామ్ ఉంది! జర సౌండ్ తగ్గించుండ్రి!"

మాకు ఒళ్ళు మండింది. దేవక్క మాత్రం మైక్ ఆపించింది. కింద కూర్చుని కాళ్ళ గజ్జెలు కూడా విప్పేసింది.

"పాపం, గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్ల. మన సంబురం ఆమెకు పరేషాన్ గావొద్దు" అంది.

నన్ను గొంతు తగ్గించి పాడమని, గజ్జెలు లేకుండానే ఆడింది. పాదం నేలను తాకే చప్పుడు వినడానికి అందరం ముందుకు జరిగి కూర్చున్నాం. కాసేపటికి చూస్తే ఆ అమ్మాయి పుస్తకం పక్కన పడేసి కిటికీ దగ్గరే నిలబడి ఉంది.

"ఇప్పుడు చదువుతలేవేందమ్మా?" అని దేవక్క ఇక్కడి నుంచే కేకేసింది. డాబా అంతా నవ్వు. ఆ తర్వాత మేం మైక్ ముట్టుకోలేదు.

ఇక నా సంగతి.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతు మారిపోయింది. కొంచెం పైకి వెళ్తే తెగిపోయేది. మొత్తం తిరిగి రాకపోవచ్చు అన్నారు డాక్టర్. చిన్నప్పటి నుంచి నేనంటే పాట. అదే పోతే ఇంకేం మిగిలిందో నాకు అర్థం కాలేదు.

ప్రోగ్రాంకు వెళ్ళడం మానేశాను. ఫోన్లు ఎత్తడం కూడా మానేశాను.

ఒకరోజు దేవక్క నారాయణగూడలో మా ఇంటికే వచ్చేసింది. లిఫ్ట్ లేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆయాసపడుతూనే తిట్లు అందుకుంది.

"గొంతు మంచిగ లేకుంటే మనిషివి గూడ రావా? ఏందే ఇది?"

మధ్యలో తెగిపోతుందక్కా, నవ్వుతారు అన్నాను.

"నువ్వు పాడు, నేను ఆడుత. నువ్వు ఆగితే నేను గూడ ఆగుత. నవ్వేటోళ్ళు ఇద్దర్ని జూసి నవ్వుతరు, తియ్."

వెళ్ళాను.

ఆడుకోవడానికి పోయిన కొడుకును తల్లి ఇంటికి పిలిచే పాట. తల్లిగా దేవక్క ఆడుతోంది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని వీధి చివరకు చూస్తోంది. సరిగ్గా అప్పుడే, చరణంలో నేను భయపడ్డ చోటే, నా గొంతు ఆగిపోయింది.

దేవక్క చెయ్యి దించలేదు.

మెల్లగా నా వైపు తిరిగింది. పిల్లాడు రావడానికి ఇంకాస్త టైం పడుతుంది, పర్వాలేదు అన్నట్టు చూసింది. తొందర లేదు. జాలి కూడా లేదు.

నేను ఊపిరి తీసుకున్నాను. కింది శ్రుతిలో మళ్ళీ అందుకున్నాను. అప్పుడు వేసింది తర్వాతి అడుగు.

అయిపోయాక ఒకాయన వచ్చి, "మధ్యలో ఆ ఆపడం భలే ప్లాన్ చేశారండీ" అన్నాడు.

"అవు సార్, మస్తు ప్రాక్టీస్ చేసినం" అంది దేవక్క, కన్నైనా ఆర్పకుండా.

ఆ రోజు నుంచి మళ్ళీ పాడుతున్నాను. ఈ తెగే గొంతుతోనే. నాకు నన్ను తిరిగి ఇచ్చింది దేవక్క. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే తిట్టేది.

నిన్న మధ్యాహ్నం వాళ్ళింట్లో, తీసుకెళ్ళే ముందు, వాళ్ళ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అక్కకు ఆ తల్లి పాటంటే పాణం. ఒక్కసారి పాడవా?"

పాడాను.

ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది.

అలవాటుగా దేవక్క వైపు చూశాను.

ఎంతసేపు చూశానో తెలియదు. గదిలో ఎవరూ కదల్లేదు.

తర్వాత నేనే ఊపిరి తీసుకుని, మిగతా పాట పాడాను. చివరిదాకా.

వెళ్ళిరా దేవక్కా. ఇక ఎవరి కోసమూ ఆగకు. నువ్వున్న చోట నీకు చల్లగా, హాయిగా ఉండాలి.