తొడ పట్టీలు

వీపున ఇంజను, తలపైన గుడ్డ రెక్క: పారామోటార్‌తో ఎగరడం నాకూ, ఒక రైతుకూ సరదా. ఏడాదిగా ఫోన్లోనే మాట్లాడుకున్న ఆ రైతును, కారులో గద్వాల వెళ్తూ బిజినేపల్లి దగ్గర ఆయన చేనులో మొదటిసారి కలిశాను. ఎవరు ఎగరబోయినా వంగి, మనిషి జారిపోకుండా పట్టి ఉంచే తొడ పట్టీలు గుంజి చూడడం ఆయన అలవాటట. నేను ఇంజను తగిలించుకోగానే నా ముందూ వంగాడు. నాకది చాదస్తమనిపించింది.

"నేను చూసుకున్నానన్నా," అన్నాను.

"జర ఆగు తమ్మీ," అంటూ గుంజాడు. పట్టీలు రెండూ వదులుగా ఆయన చేతిలోకొచ్చాయి. అసలు బిగించుకోనేలేదు నేను.

ఆయన తిట్టలేదు. "ఒకసారి నేను గిట్లనే లేచిన. దిగేదాక చేతుల మీదనే ఏలాడిన," అంటూ బిగించాడు.

తర్వాత తన ఇంజను ఎత్తుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఇగ నావి గుంజు."

మూడుసార్లు గుంజాను.