ఆ రోజు రాని ఫోను

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తూ తిరిగాను. మొన్నీమధ్య దించేశాను. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాను. మరి మీకెందుకు చెబుతున్నానంటే, ఇన్నాళ్లూ బిగించిన నోరు ఒకసారి తెరిచాక మళ్లీ మూయబుద్ధి కావడం లేదు. కాసేపు వినండి.

నేను కరీంనగర్‌లో లాయరును. కోర్టు మెట్లెక్కే రకం కాదు. పత్తి మిల్లుల తరఫున ముంబై కంపెనీలతో ఒప్పందాల షరతుల మీద బేరమాడతాను. ఆదిలాబాద్ వైపు లింగన్న సేటుకు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు ఉండేది. కాక అని పిలిచేదాన్ని. పత్తి ధర పడిపోతుందని భయపడి, ముందుగానే ధర ఖాయం చేసుకునే ఒప్పందానికి దిగాడు. కంపెనీవాళ్లు దాన్ని డెరివేటివ్ అంటారు. ధర పడితే కాకకు రక్షణ. పెరిగితే మాత్రం, కంపెనీ అడిగిన పూచీ డబ్బు మర్నాడు మధ్యాహ్నంలోగా కట్టాలి. కట్టకపోతే డిఫాల్ట్. అక్కడికక్కడే ఒప్పందం తెంపేసి నష్టమంతా ఆయన నెత్తిన వేయొచ్చు.

కాక ఒక్కటే కోరాడు. "బిడ్డా, గీ మెయిళ్లు గియిళ్లు నాకు ఎరుకలేవు. మా దందా అంత ఫోన్ మీదనే నడుస్తది. పైసలు కట్టుమని ఫోన్ చేసి చెప్పాలె. చెప్పినంక కట్టకపోతే నా తప్పు. గది రాయించు."

న్యాయమైన కోరికే. అక్కడ లారీల కొద్దీ పత్తి ఫోన్లో ఒక్క 'సరే' మీద చేతులు మారుతుంది. కానీ కంపెనీ లాయరు ససేమిరా అన్నాడు. నోటీసు మెయిల్లోనే, పంపితే అందినట్టే అన్నాడు. ఫోను సంగతి నేను వదిలేస్తే, మిల్లు బ్యాంకు అప్పు వాయిదా తప్పినా ఇక్కడ డిఫాల్ట్ కింద లెక్కవేసే షరతు తీసేస్తామన్నాడు. దానికోసం నేను చాలా రోజులుగా కొట్లాడుతున్నాను. ఒప్పేసుకున్నాను.

అది తప్పా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. బేరమంటేనే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. కానీ ఇచ్చిందేమిటో ఆయనకు చెప్పాలి కదా? సంతకానికి ముందు ఆయనే అడిగాడు కూడా.

"ఫోన్ ముచ్చట రాసిండ్రా బిడ్డా?"

"రాసిండ్రు కాకా. ఫికర్ చేయకుండ్రి."

ఎందుకలా అన్నాను? అన్నీ సాధించుకొస్తానని గొప్పలు పోయాను కాబట్టి. ఆయన వెనకాల ఇంకో నలుగురు మిల్లువాళ్లు నా దగ్గరికి వస్తారని ఆశపడ్డాను కాబట్టి. కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆయన చదవడు కాబట్టి. ఏం మనిషిని నేను!

ధర పెరిగింది. మిల్లు ఆఫీసుకు మెయిల్ వచ్చింది. మెయిళ్లు చూసేది కాక తమ్ముడు భూమన్న. ఆయన ఆ రోజు పెళ్లాంపిల్లలతో వేములవాడలో ఉన్నాడు. గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకుని, రాత్రి అక్కడే నిద్ర చేసి, మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరాడు. గడువు దాటిపోయింది. డబ్బు లేక కాదండీ! బ్యాంకులోనే ఉంది. ఎవరైనా ఒక్క మాట చెబితే కాక గంటలో కట్టేవాడు.

వాళ్లు ఫోనెందుకు చేయలేదని కాక నన్ను అడిగాడు. అప్పుడు చెప్పాను రెండో అబద్ధం. భూమన్న నంబరుకు చేశారట, బంద్ ఉందట అన్నాను. మొదటి అబద్ధం గొప్ప కోసం. ఇది నా మెడ కాపాడుకోవడానికి. కాక నిలదీస్తే భూమన్న కాదనలేదట. దర్శనం లైన్లో ఉన్నప్పుడు ఫోన్ బంద్ చేసిన మాట నిజమే, అప్పుడే వచ్చి ఉంటుందని తల దించుకున్నాడట. నా అబద్ధాన్ని ఆయనే నిజం చేసిపెట్టాడు.

కంపెనీ ఒప్పందం తెంపేసింది, ఆ నష్టం కింద మిల్లు పోయింది. అన్నదమ్ములు విడిపోయారు. భూమన్న కూతురి పెళ్లికి కాక వెళ్లలేదు. నేను ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లాను. అందరం కలిసి ఒప్పుకోలు ప్రార్థన చెబుతాం కదా, అందరికంటే నా గొంతే గట్టిగా వినబడేది. 'మా పాపములన్నియు' అన్న మాటలో ఈ ఒక్కటి హాయిగా కలిసిపోయేది. పేరుపెట్టి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

పోయిన నెల హుస్నాబాద్ నుంచి ఒక కొత్త మిల్లాయన వచ్చి, ఫోన్ చేసి చెప్పాలని రాయించండి మేడం అన్నాడు. అచ్చం కాక అడిగిన మాటే. ఆ వారమే ఆదిలాబాద్ బస్సెక్కాను.

కాక గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. తిట్టలేదు. చెప్పులేసుకున్నాడు. "పా. నాకు చెప్పినట్టే వానికి చెప్పు. నా ముంగట చెప్పు."

రెండు వీధుల అవతల తమ్ముడి ఇల్లు. మళ్లీ చెప్పాను. భూమన్నకు ముందు అర్థం కాలేదు.

"అంటే, నేను బంద్ చేయకపోయినా ఫోన్ రాకపోయేదా మేడం?"

"రాకపోయేది. వాళ్లు చేయనే లేదు. చేయాలని ఎక్కడా రాసి లేదు."

ఆయన మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆయన భార్య ఊరుకోలేదు. "నీ నోట్ల మన్నువొయ్య! గిన్నేండ్లు గీ మనిషి తిన్న తిండి ఒంటికి పట్టలే, ఎరుకేనా నీకు?" అంది. అననీ. నాకు అది కూడా తేలిగ్గానే ఉంది. కాక నా వైపు చూడకుండానే "ఇగ నువ్వు పో" అన్నాడు. బిడ్డా అనలేదు.

గేటు దాటుతుంటే లోపల ఆవిడ గొంతు వినబడింది. "బావా, అన్నం తింటవా?" కాక ఏమన్నాడో వినడానికి నేను ఆగలేదు.

బస్టాండులో కడుపు నిండా తిన్నాను. బస్సులో కరీంనగర్ దాకా మొద్దునిద్ర పోయాను. నన్నెవరూ క్షమించలేదు, నేనూ అడగలేదు. భూమన్న తప్పేమీ లేదని ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు భూమన్నకు తెలుసు.