ఘటం ఎక్కిన స్ప్రింగు బండి

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసే సన్యాసిరావుకి రెండు పేర్లుండేవి. షెడ్డులో అందరూ మిస్త్రీ అనేవారు, గౌరవంగా. తెలుగువాళ్ళ క్వార్టర్ల వరసలో ప్రయోగం అనేవారు, గౌరవం లేకుండా. ఆ రెండో పేరు ఊరికే రాలేదు. ఆవిరితో తనంతట తానే పప్పు ఉడికించే యంత్రం చేస్తానని ఒకసారి వంటింటి పెంకులు లేపేశాడు. ఎలుకల కోసం బోను చేస్తే అందులో పెరట్లోకి వచ్చిన పోస్టుమాను వేలు ఇరుక్కుంది. ఇంజను ఏ జబ్బుతో షెడ్డుకి వచ్చినా చెవి ఆనించి ఇట్టే చెప్పేసే మనిషి, ఇంటి దగ్గర ఏది ముట్టుకున్నా నవ్వులపాలయ్యేవాడు. అదేం విడ్డూరమో మరి!

అతని భార్య అప్పయమ్మకి మాత్రం ఒకటే పేరు. ఘటం అప్పయమ్మ.

ఆ పేరు వెనక కథ చెప్పాలి. విశాఖ, గంజాం జిల్లాల నుంచి రైల్వే పనికి వచ్చిన తొలి కుటుంబాలు మూటల్లో బియ్యంతోపాటు నూకాలమ్మ తల్లినీ తెచ్చుకున్నాయి. ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి సంబరం. పసుపు పూసి, వేపరెబ్బలు చుట్టి, మూతి మీద దీపం పెట్టిన ఘటాన్ని ఒక ఇల్లాలు నెత్తిన పెట్టుకుని క్వార్టర్ల మొదటి నుంచి గుడి దాకా నడవాలి. అరమైలు దూరం. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇల్లాలు అప్పయమ్మే. పైగా ఆవిడ ఘటానికి చెయ్యి ఆనించేది కాదు. చేతులు రెండూ వదిలేసి, మెడ నిలిపి, దీపం వణక్కుండా నడిచేది. చూడ్డానికి కర్గీ రోడ్ నుంచి కూడా జనం రైలెక్కి వచ్చేవారు.

అలాంటి మనిషికి, పందొమ్మిదివందల ముప్పై నాలుగులో, వానాకాలం జ్వరం వచ్చి తగ్గుతూ తగ్గుతూ మోకాళ్ళలో కాపరం పెట్టేసింది. ఇంట్లో పది అంగలు వేయగలదు. పదకొండో అంగకి గోడ పట్టుకోవాలి.

దీపావళి వెళ్ళాక జగన్నాథం వచ్చాడు. రిటైరైన ఇంజను డ్రైవరు, సంబరానికి పెద్ద. పాపం మంచివాడే, మాట చెప్పడానికి అరగంట తంటాలు పడ్డాడు.

"అప్పయమ్మా, ఈ ఏడు ఘటం పక్క క్వార్టరు చిన్నమ్మికి ఇద్దామనుకుంటన్నాం. నీకు కష్టం గదా."

"కూకుని రాకూడదేటి పెద్దయ్యా?" అందావిడ.

"కట్టు నీకు తెల్దేటి తల్లీ? ఘటం ఎత్తిన మనిషిని పశువు లాక్కూడదు, మనిషి మొయ్యకూడదు, తొయ్యకూడదు. మొదటి ఏడు ఎడ్లబండి మీద తెస్తే ఎద్దు నడిదార్లో కూలబడిపోయింది. ఆ రోజే మా నాన్నలు ఒట్టేసుకున్నారు."

"అచ్ఛా, అలాగే కానీండి" అని అప్పయమ్మ నవ్వుతూనే మజ్జిగిచ్చి పంపింది. ఆయన గేటు దాటాడో లేదో, చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నాకు పిల్లా జెల్లా లేరు మావా. ఏడాదికి ఒక్కరోజు ఆ తల్లి వొచ్చి నా నెత్తిన కూకుంటది. ఆ రోజు కోసమే మిగతా రోజులన్నీ గడిపేస్తాను. అదీ పోతే నాకేటుంది?"

సన్యాసిరావుకి భార్య ఏడుపు కొత్త. ఇరవై మూడేళ్ళ కాపరంలో పెంకులు లేచిపోయిన రోజున కూడా ఆవిడ నవ్విందే తప్ప ఏడవలేదు. గోడ మీద గడియారం వైపు చూశాడు.

"ఓలే, ఇటు సూడు. పశువు లాక్కూడదు, మనిషి తొయ్యకూడదు. అంతే గదా? ఇనుము లాగితే తప్పని ఎవలూ అన్లేదు గదా! ఆ గడియారాన్ని ఎవలు తోస్తన్నారు? స్ప్రింగు. ఘటం నీ నెత్తి దిగనివ్వను, ఒట్టు."

అప్పయమ్మ కళ్ళు తుడుచుకుంది. భర్త ప్రయోగాలంటే ఆవిడకి నమ్మకం ఉందని కాదు, భర్త అంటే ఉంది.

మొదట పాత సామాను గుట్టలోంచి, షెడ్డు ఫోర్‌మన్‌ని అడిగి, గూడ్సు పెట్టె కింద వేసే చుట్టల స్ప్రింగు ఒకటి తెచ్చాడు. చెయ్యి మందాన ఉంది. పెరట్లో దాన్ని ఒక చెక్కబండికి బిగించి, అణచి, కట్టి, "ఇంక సూడండి" అని కట్టు తెంచాడు. అది బండిని లాగలేదు సరికదా, పిట్టగోడ దాటి, చిన్నమ్మి పెరట్లో పొయ్యి మీదున్న పులుసు కుండలో పడింది. చిన్నమ్మి మొహం నిండా బెండకాయ ముక్కలతో గోడ మీంచి తొంగి చూసింది.

"బావా! ఘటం నాకొద్దని నాను ముందే సెప్తన్నాను గదా! నన్ను సంపేయాలా?"

నిజానికి చిన్నమ్మికి ఆ ఘటమంటే హడలు. ఆమె నెత్తిన నీళ్ళబిందే నిలవదు. ఘటం పడి పగిలితే ఊరంతా తన్నే ఆడిపోసుకుంటుందని ఆమె బెంగ. ఆ రోజు నుంచి సన్యాసిరావు బండి నడవాలని అందరికంటే ఎక్కువ మొక్కులు మొక్కింది చిన్నమ్మే.

చుట్టల స్ప్రింగు ఒక్క దూకు దూకి ఊరుకుంటుందని, బండికి కావలసింది నెమ్మదిగా విప్పుకునే రేకు స్ప్రింగని అప్పుడు తెలిసింది మనవాడికి. ఆదివారం సదర్ బజారు వెళ్ళి, గ్రామఫోన్లు బాగుచేసే ఖలీల్ మియా కొట్లో కూర్చున్నాడు. విరిగిపోయిన స్ప్రింగులన్నీ ఆయన ఒక డబ్బాలో పడేస్తాడు. విషయం విని మియా గడ్డం నిమురుకున్నాడు.

"అరె మిస్త్రీజీ, వీటితో పాట వస్తుంది గానీ భాభీజీ ఎలా వస్తుంది?" అని వచ్చీరాని తెలుగులో అని, డబ్బా మొత్తం అతని ముందు పెట్టేశాడు.

ఆ స్ప్రింగులు చాలావరకూ లోపలి కొస దగ్గరే విరుగుతాయి. సన్యాసిరావు ఆ కొస కాల్చి మెత్తబరిచి, కొత్త బెజ్జం పొడిచి, ఎనిమిది స్ప్రింగుల్ని ఒకే ఇరుసు మీద వరసగా బిగించాడు. పళ్ళచక్రం, అది తిరక్కుండా పట్టి ఉంచే కొక్కెం; కొక్కెం తీస్తే బండి కదులుతుంది. వెనక రెండు పాత సైకిలు చక్రాలు. ముందు, బదిలీ మీద వెళ్ళిపోయిన ఒక దొరగారు వదిలేసిన పిల్లల బండి చక్రాలు. మధ్యలో అప్పయమ్మ పీట. ఇదంతా అయ్యేసరికి శివరాత్రి దాటింది.

మొదటిసారి తనే ఎక్కి ఇంటి వెనక సందులో తిన్నగా నడిపి చూశాడు. బండి కదిలింది! నలభై అంగలు నడిచి ఆగిపోయింది. మళ్ళీ కీ ఇస్తే మళ్ళీ నలభై. అతను దిగి గుమ్మంలో చతికిలబడిపోయాడు.

"నలభై అంగలే! అరమైలు ఎప్పటికి ఎల్తాది?"

అప్పయమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో, ఏటి మనిషివి మావా! ఘటం ఏనాడైనా నలభై అంగలు ఆక్కుండా నడిసిందేటి? పెతీ గుమ్మం కాడా ఆగాలి, పసుపునీళ్ళు పొయ్యాలి, హారతియ్యాలి. ఆగినప్పుడల్లా కీ ఇచ్చుకోవొచ్చు గదా."

పంతొమ్మిదేళ్ళు ఆ ఊరేగింపు వెంట నడిచిన సన్యాసిరావుకి ఆ ముక్క తట్టనే లేదు. ఆ ఆనందంలో మర్నాడు పొద్దున్నే బండిని రోడ్డెక్కించాడు. వరసంతా బయటికి వచ్చి నిలబడింది. తనే ఎక్కి కూర్చుని కొక్కెం తీశాడు. బండి బాణంలా పోయింది. ఇరవై అంగల్లోనే, నీళ్ళ ట్యాంకు దగ్గర, రోడ్డు కుడికి తిరిగింది. బండి తిరగలేదు.

తిరగడానికి అందులో ఏమీ లేదు! అయ్యో రామ, ఇరవై ఐదేళ్ళు ఇంజన్లకి మరమ్మతు చేసిన మనిషి అతను. ఇంజన్ని ఎవరూ తిప్పరు, పట్టాలు ఎటు తిరిగితే అటు పోతుంది. బండి అన్నాక తిప్పుకోవాలన్న ఆలోచన అతనికి గానీ, చూసి మెచ్చుకున్న షెడ్డు జనంలో ఒక్కడికి గానీ రాలేదు. అందరూ రైలు మనుషులే మరి. బండి తిన్నగా చాకలి దండేల్లోకి దూరింది. అవతలి నుంచి అతను బయటికి వచ్చేసరికి మెడలో దొరగారి పంట్లాం ఉంది.

"కా కరత్ హస్ గా!" అని ఛత్తీస్‌గఢీలో చాకలామె కేకేసింది. ఏం చేస్తున్నావయ్యా అని. నాలుగు నెలలుగా ఊరంతా అడుగుతున్నదీ అదే ప్రశ్న.

కాళ్ళతో అటూ ఇటూ నొక్కితే ముందు చక్రాలు తిరిగేలా ఒక అడ్డకర్ర పెట్టడానికి వారం పట్టింది. అప్పయమ్మకి మోకాళ్ళే పాడయ్యాయి, పాదాలు కాదు. ఈసారి ట్యాంకు దగ్గర మలుపు ఆవిడే తిప్పింది. చిన్నమ్మి చప్పట్లు కొట్టి గంతులేసింది.

సంబరం ఇంకా మూడు రోజులుందనగా జగన్నాథం బండి చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. సన్యాసిరావు వెనక నిలబడి, చెమటలు కక్కుతూ కీ తిప్పుతుంటే చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

"సన్యాసీ, ఓ మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంజన్లో బలం బొగ్గుది. ఇందులో బలం ఎవలిది?"

"స్ప్రింగుది."

"స్ప్రింగులోకి ఎలా వొచ్చింది?"

సన్యాసిరావు కీ మీంచి చెయ్యి తీసేశాడు. తెలియని వాళ్ళెవరైనా అంటే వాదించేవాడే. ముప్పై ఏళ్ళు ఇంజను నడిపిన మనిషి అన్నాడు, పైగా నిజం అన్నాడు. కీ తిప్పింది తన చెయ్యి. అంటే తను తోసినట్టే. కాస్త ముందుగా తోసి దాచిపెట్టాడు, అంతే తేడా. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని నెలల్లో అతనికి మొదటిసారి నిజంగా భయం వేసింది. ఒట్టు తప్పుతానేమోనని.

వసారాలో తిరగలి చప్పుడు ఆగింది. అప్పయమ్మ సంబరానికి మినుములు విసురుతోంది.

"పెద్దయ్యా," అంది, "నా బలం నాకు తప్పు కాదు గదా?"

"ఏటి తల్లీ?"

"ఇన్నేళ్ళూ నా కాళ్ళతో తెచ్చినాను. ఈ ఏడు నా సేతుల్తో తెస్తాను. ఆ కీ ఏదో నాకే ఇమ్మనండి. నా నెత్తి మీద ఘటానికి సెయ్యి ఆనించే పని లేదు గదా. సేతులు ఖాళీయే."

జగన్నాథం ఆవిడ చేతుల వంక చూశాడు. చిన్నప్పటి నుంచీ తిరగలి తిప్పిన చేతులు. ఆయన నెమ్మదిగా నవ్వాడు.

"దానికి కట్టు లేదమ్మా. కానీ ఒక్క మాట. దార్లో ఎవలి ఏలు తగిలినా సంబరం సెడినట్టే. మొగుడైనా సరే."

ఆ మూడు రోజులూ సన్యాసిరావు షెడ్డుకి సెలవు పెట్టేశాడు. కీని వెనక నుంచి ముందుకి మార్చి, పీట ఎదురుగా తిరగలి రాయిలా పడుకోబెట్టాడు. దానికి ఏ పిడి పెట్టినా ఆవిడ చేతికి కుదరలేదు. చివరికి తిరగలి పిడే ఊడబీకి దానికి దిగేశాడు. అప్పుడు కుదిరింది.

కొత్త అమావాస్య పొద్దున్న డప్పులు మొదలయ్యాయి. అప్పయమ్మ పీట మీద కూర్చుంది. జగన్నాథం ఘటాన్ని ఆవిడ నెత్తిన పెట్టి వెనక్కి జరిగాడు. ఆవిడ రెండు చేతులా పిడి పట్టుకుని తిప్పింది, మెడ కదలకుండా, దీపం వణక్కుండా. కొక్కెం తీసింది. బండి మొదటి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పసుపునీళ్ళు పోశారు, హారతిచ్చారు. ఆవిడ మళ్ళీ తిప్పింది. ఇరవై నాలుగు గుమ్మాలు. ట్యాంకు దగ్గర మలుపు తిరుగుతుంటే చాకలామె దండేలు తీసేసి, దణ్ణం పెట్టుకుని నిలబడింది.

క్వార్టర్లు దాటాక గుడి దాకా ఎత్తు. అక్కడ నలభై అంగలు పన్నెండయ్యాయి, పన్నెండు ఏడయ్యాయి. ఆగినప్పుడల్లా బండి వెనక్కి జారబోయేది, కొక్కెం పడి ఆపేది. అప్పయమ్మ జాకెట్టు తడిసిపోయింది. డప్పులవాళ్ళు కొట్టడం మర్చిపోయారు. జనంలో ప్రతివాడికీ చేతులు దురద పెడుతున్నాయి. ఒక్క తోపు తోస్తే చాలు, గుడి ముందుంటుంది. సన్యాసిరావు చెయ్యి దానంతట అదే ముందుకి వచ్చేసింది.

"సెయ్యి తియ్యి మావా!" అంది అప్పయమ్మ, తల తిప్పకుండానే.

ఎలా చూసిందో ఏమో! అతను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో బిగించుకున్నాడు. భార్య కష్టపడుతుంటే పక్కన ఊరికే నిలబడ్డం కంటే పెద్ద శిక్ష మగాడికి ఇంకోటి ఉండదని ఆ క్షణాన అతనికి తెలిసొచ్చింది. చిన్నమ్మి పక్కన నిలబడి వలవలా ఏడుస్తూ, "ఇంకొక్కటి అక్కా, ఇంకొక్కటి" అంటోంది. ఇంకొక్కటి తిప్పింది. ఇంకొక్కటి. ముందు చక్రాలు గుడి అరుగుకి టక్కుమని తగిలాయి.

ఒక్కసారిగా డప్పులన్నీ మోగాయి. జగన్నాథం ఘటం దించి అమ్మవారి ముందు పెట్టాడు. దీపం వెలుగుతూనే ఉంది. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇరవయ్యో ఏడు" అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా.

ఆ గోలంతా సద్దుమణిగాక, ప్రసాదాలు పంచేశాక, సన్యాసిరావు బండి ముందుకి వచ్చి వంగి తిరగలి పిడి పట్టుకోబోయాడు, అలవాటుగా కీ ఇద్దామని.

"అదేటి?" అంది అప్పయమ్మ. చేతులు ఒళ్ళో పడేసుకుని, చెవుల దాకా నవ్వుతోంది. "ఘటం దించేసినాం గదా. కట్టు అయిపోయింది."

"అయితే?"

"అయితే ఏటి, ఎనక్కి ఎల్లి తొయ్యి."

అతను వెనక్కి వెళ్ళి, పొద్దుట్నుంచీ ఆపుకున్న రెండు చేతులూ బండి మీద వేసి, ఇంటి దాకా తోసుకుంటూ వెళ్ళాడు.