మా ఇంటాయన నోరు తెరిచి చేసిన ప్రార్థన

సహోదరులారా, అక్కలారా, మా బిడ్డ రూతమ్మ పోయినంక మా ఇంట్ల దీపం ముట్టిచ్చిన్నో లేదో కూడ నాకు యాదిలేదు. ఎనిమిదేండ్ల పిల్ల. మా ఇంటాయనకు మెదక్ బజార్ల బట్టలు కుట్టే దుకాణం ఉండె, ఆ దినం పని మస్తుగున్నది, బువ్వ పంపుమని కబురు పెట్టిండు, నేను గిన్నె మూట గట్టి పిల్ల చేతికిచ్చిన. రోడ్డు దాటుతుంటె లారీ గుద్దింది. దవాఖానకు తీస్కపోయేలోపే ప్రాణం పోయింది.

అప్పటిసంది నా చేతులతోనే పంపితిని గదా అని లోపల్లోపల కుమిలిన. ఆయన నాతోని మాట్లాడుడు బందు చేసిండు. దుకాణం నుంచి వస్తడు, ఇంత తింటడు, గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. నా మీద కోపమే అనుకున్న, అడగనీకి భయమైంది. చర్చికి పోవుడు మానేసిన. పక్కింటి రహమత్‌బీ రోజూ రొట్టె పట్టుకొచ్చి "జర తిను బేటీ, ఒక్క ముక్క" అని తినిపిచ్చేది. ఆ తల్లిని దేవుడే పంపిండని నాకు అప్పుడు తెల్వలేదు.

ఒక ఆదివారం సాయంత్రం పాస్టరయ్యగారు, సంఘంల అక్కలు మా ఇంటికొచ్చి మోకరించిండ్రు. అందరు ప్రార్థన చేసినంక అయ్యగారు మా ఆయన దిక్కు చూసిండు. నలుగుర్ల ఎన్నడూ నోరు తెరిచిన మనిషి కాదాయన. ఆ దినం నోరు తెరిచి అన్నడు:

"ప్రభువా, బువ్వ పంపుమన్నది నేను. ఒక్కపూట ఆకలికి ఓర్సుకుంటె నా బిడ్డ ఉండేది. నా పెండ్లాం సుగుణ మొఖం చూడనీకి నాకు ధైర్యం వస్తలేదు. నన్ను క్షమించు. ఆమెను ఆదుకో."

ఇన్ని నెలలు నేను కోపమనుకున్నది కోపం కాదు, నా అసొంటి బాధనే. లేసి ఆయన చెయ్యి పట్టుకున్న. "నీ తప్పు కాదయ్యా, పంపింది నేను" అన్న. "నీది గూడ కాదు" అన్నడు. పిల్ల పోయినంక ఇద్దరం కలిసి ఏడ్సుడు అదే మొదలు.

అంతటితోని దుఃఖం పోయిందంటె అబద్ధమైతది. మా బిడ్డ ఈడు పిల్లలు బడికి పోతుంటె ఇప్పటికీ కండ్లు నిండుతయి. గని మా ఇంట్లకు మాట తిరిగొచ్చింది, నిద్ర వచ్చింది, ప్రార్థన వచ్చింది. మొన్న కౌడిపల్లి దిక్కు బస్సు కింద కొడుకును పోగొట్టుకున్న ఇంటికి ఇద్దరం పోయి, ఏ బోధ చెయ్యకుండ, వాళ్ల పక్కన కూసొని వచ్చినం. అంత బలం మాకేడిది, ఇచ్చిన దేవునికే మహిమ.

ఈడ కూసున్నోళ్లల్ల ఎవరింట్లనన్న గసొంటి మౌనం ఉంటె, ప్రభువు ముందట నోరు తెరువుండ్రి. పక్కనున్న మీ మనిషికి వినబడేటట్టు తెరువుండ్రి. ప్రభువు నమ్మదగినోడు, ఇద్దరినీ లేపుతడు.