చెల్లెలి పేరు మీద పరుగు

కోరుట్ల బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే మనీషా ఒకప్పుడు ఉమ్మడి జిల్లా మొత్తంలో పేరున్న రన్నర్ అంటే తోటి పనివాళ్ళు నమ్మరు. నమ్మించడానికి ఆమె దగ్గర కాగితం ముక్క లేదు. ఉన్న పదకొండు సర్టిఫికెట్లూ చెల్లెలు పుష్ప పేరు మీద ఉన్నాయి.

వాళ్ళది రాయికల్ దగ్గరి ఊరు. తల్లి కనకవ్వ బీడీలు చుట్టేది. మనీషాకు పదహారు నడుస్తున్నప్పుడు, పద్నాలుగేళ్ళలోపు జిల్లా రిలే జట్టులో ఒక పిల్ల తక్కువైంది. బడిలో ఆటల సారుకు ఉపాయాలకేం కొదవ? పదమూడేళ్ళ పుష్ప వయసు చూపే బడి కాగితం, బోనఫైడ్ మీద అక్క ఫొటో అంటించాడు. ఈ ఒక్కసారికే అన్నాడు.

రాష్ట్ర పోటీల్లో మూడో పరుగు మనీషాది. మలుపులో ఇద్దరిని దాటేసి, చివరి పరుగు తీసే సిరిసిల్ల శ్రావణి చేతిలో బ్యాటన్ పెట్టింది. బంగారు పతకం వచ్చింది. శ్రావణి “పుష్పా” అంటూ వాటేసుకుంది. గెలిచిన పేరును ఎవరు వదులుకుంటారు? మరుసటేడూ మనీషా పుష్పగానే దిగింది.

ఆ ఏడే అసలు పుష్ప ఎంపికలకు వచ్చింది. చెప్పుల్లేకుండా ఉరికి అక్క కంటే ముందే గీత దాటింది. సారు వాచీ రెండుసార్లు చూసుకుని తల గోక్కున్నాడు.

“ఒక్క పేరు మీద ఇద్దరు ఎట్ల ఉరుకుతరు బిడ్డా? గా పేరు రాష్ట్రం దాకా పోయింది. నువ్వు ఊకో” అన్నాడు.

పుష్ప ఇంటికి పోయి తల్లి పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించింది. మనీషా గడపలో నిలబడి చూసింది. చెల్లెలి మీద జాలి పడాల్సిన మనిషికి హాయిగా అనిపించింది, తన చోటు తనకు మిగిలిందని. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోతుంది. సారుది తప్పే, కాదనం. కానీ ఆ సంతోషం సారు నేర్పింది కాదు కదా!

ఇరవై ఒకటో ఏట తొడ నరం పట్టేసి మనీషా పరుగు ఆగిపోయింది. సర్టిఫికెట్లు ఉద్యోగానికి పనికిరాలేదు. పదో తరగతి మెమోలో ఉన్నది మనీషా అనే పేరు మరి. పుష్ప బీడీలు చుడుతూనే ఉండిపోయింది. ఆ ఎంపికల మాట అక్కచెల్లెళ్ళ మధ్య ఏనాడూ రాలేదు.

మొన్న జనవరిలో శ్రావణి ఫోన్ చేసింది. జగిత్యాలలో పాత క్రీడాకారులకు సన్మానమట. మనీషా ముందు రానంది. రెండు రోజులు తిండి సయించక, చివరికి చెల్లెలిని వెంటబెట్టుకుని బయలుదేరింది. మైకులో నిజం చెప్పేసి, ఆ శాలువా పుష్పకే కప్పించాలని ఆమె పంతం. చెప్పాల్సిన మాటలు బస్సులోనే కూర్చుకుంది.

శ్రావణి మైకు అందుకుని, మూడో పరుగు తీసిన మా పుష్ప పైకి రావాలని పిలిచింది. జనం చప్పట్లు కొడుతున్నారు. పక్కన కూర్చున్న పుష్ప కూడా కొడుతోంది. అక్క లేవకపోయేసరికి మోచేత్తో పొడిచింది.

“పో అక్కా, నిన్నే పిలుస్తున్నరు” అంది.

మనీషా వెళ్ళింది. శాలువా కప్పించుకుంది. మైకు చేతికిస్తే, అందరికీ నమస్కారం అని మాత్రం చెప్పి దిగొచ్చింది. ఆమె వచ్చి కూర్చునేదాకా పుష్ప చప్పట్లు కొడుతూనే ఉంది.