దక్షిణం పైనున్న స్టాంపు

మా కాలంలో మొండికెయ్యడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, పంతొమ్మిదేళ్ళ వయసుంటే సరిపోయేది. గోరంట్ల నుంచి అనంతపురం వెళ్ళి డిగ్రీ చదువుకునే నాకు స్టాంపుల పిచ్చి. గల్ఫ్‌లో వంటపని చేసే మా మేనత్త పంపే కవర్ల మీద, అరబ్బులు వందల ఏళ్ళ కిందట చేత్తో రాసుకున్న భూగోళ గ్రంథాల్లోని పటాలు అచ్చేసిన స్టాంపులు ఉండేవి. నీలి సముద్రాలు, గొంగళిపురుగుల్లాంటి కొండలు. వాటిని నల్ల అట్ట మీద అమర్చి జిల్లా స్టాంపుల ప్రదర్శనలో పెట్టాను. ఆ అట్టను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది మా నాయన (సైకిల్ షాపు మూసేసి మరీ వచ్చాడు).

బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి అంత ఎండలోనూ కోటేసుకొచ్చాడు కాబట్టి కోటు సారు అందాం. భూతద్దంతో నా స్టాంపుల్లో ఒకదాన్ని చూసి, "ఏం పాపా, ప్రపంచాన్ని బోర్లా పెట్టినావే?" అన్నాడు.

"బోర్లా కాదు సార్. ఆ కాలంలో వాళ్ళు దక్షిణం పైకొచ్చేట్టు గీసుకున్నారు. స్టాంపు అట్లే అచ్చయింది."

"ఉత్తరమే పైనుండాల. తిప్పి పెట్టు, బహుమతికి చూస్తాం. లేదంటే తీసేయ్."

"తిప్పితే అక్షరాలు తలకిందులైతాయి సార్."

"ఆ అక్షరాలు ఈడ ఎవరికొస్తాయిలే."

"నాకొస్తాయి," అని స్టాంపు మీది వరస గట్టిగా చదివేశాను. (మేనత్త సెలవులకొచ్చినప్పుడు నేర్పింది చదవడమే, అర్థం తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

నాయన నా చెవి దగ్గరికొచ్చి, "తిప్పితే పోయేదేముందమ్మా? బహుమతి రావాలని నువ్వేగా కలవరించినావు," అన్నాడు. నా మొహం చూసి కోటు సారు వైపు తిరిగాడు. "తిప్పదంట సార్. ఇంట్లో నాకూ ఇదే బాధ."

అట్ట తీసేయించారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ, లోపల వద్దన్నారే తప్ప బయట వద్దనలేదు కదా. గేటు పక్కన గోడకు ఆనించి కాపలా నిలబడ్డాను. ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే ఆయన వచ్చి, "మనూరు యాడుండాదిమ్మా ఇందులో?" అన్నాడు. ఎంతో ధీమాగా ఒక చుక్క మీద వేలు పెట్టాను. ఆయన నా భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"అంటే మనం పైనుండాము. నీళ్ళన్నీ కిందికి పారిపోతాండాయి. ఇంక ఈడ చెరువులు యాడ నిండుతాయి మరి."

నవ్వుతూ జనం మూగారు. లోపలి వాళ్ళు కూడా బయటికొచ్చారు. చివరికి కోటు సారూ వచ్చి, మెడ వంచి ఇటునుంచీ అటునుంచీ చూసి, "అయినా తప్పే," అన్నాడు.

"తప్పయినా తిప్పను సార్," అన్నాను.

బహుమతి సీతాకోకచిలుకల స్టాంపులకు పోయింది. తిరుగు బస్సులో నాయన, అడగని కండక్టరుకు కూడా, "కోటేసుకున్నాయనకే అడ్డం చెప్పిందప్పా మా పాప," అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు నాకు ఆఫీసుంది, కుర్చీ ఉంది. ఎదుటివారి మాట పూర్తికాకముందే "అట్లాగే సార్" అనడం అలవాటైంది. అలా అంటుండగా ఒక్కోసారి ఎండలో మొహం కందిపోయి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత తలబిరుసో అని నవ్వుకుంటాను. ఆమెను మందలించడానికి మాత్రం నోరు రాదు. ఆమే నన్ను మందలిస్తుందేమోనని భయం.